టైపు చేయని వాక్యం

నాకు మనిషి కంటే ముందు కాగితం కనబడుతుంది. ఎవరైనా మా అంగడి మెట్టెక్కితే మొహం చూడను, చేతిలో ఏముందో చూస్తాను. కాగితం మరీ కొత్తగా ఉంటే అనుమానం, మరీ పాతగా ఉంటే ఇంకా అనుమానం. టీ నీళ్ళలో ముంచి ఎండబెట్టి పాత దస్తావేజులు తయారుచేసే మహానుభావులను ఈ రెండు కళ్ళతో చూశాను మరి. ఇది గొప్పగా చెప్పుకోవడం లేదు. ఈ బుద్ధి నా చేత ఏం చేయించిందో చెప్పాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

మా నాన్న బెంగళూరు పక్కన చందాపురలో ముప్పైకి నలభై అడుగుల సైటు, అదే ఇళ్ళస్థలం, ఒకటి కొన్నాడు. పునాది తవ్విన రోజునే ఒకడు దిగబడ్డాడు. అమ్మినవాడి అన్న కొడుకునని, తనకూ భాగముందని, చేతిలో వంశవృక్షం. అంటే ఫలానావాడికి ఫలానావాళ్ళు పిల్లలు అని గ్రామాధికారి సంతకం పెట్టి ఇచ్చే కాగితం. ముద్రలన్నీ సరిగ్గానే ఉన్నాయి, మనిషే అబద్ధం. ఆ సంగతి కోర్టు ఒప్పుకునేసరికి మా నాన్న ఫోటోకు దండ పడిపోయింది. అప్పటినుంచి ఎవరైనా "నేను వాళ్ళ బిడ్డను" అంటే నా చెవులు నిక్కబొడుచుకుంటాయి.

తొంభైల్లో కాడుగోడిలో, స్టేషన్‌కు పోయే రోడ్డు మీద, నాకు టైపింగ్ అంగడి ఉండేది. రెండు మిషన్లు, ఒకటి ఇంగ్లీషు, ఒకటి కన్నడం. ఇంగ్లీషు మిషన్లో 'E' అక్షరం గీత మీద నిలబడదు, కొంచెం పైకెగిరి పడుతుంది. క్రయపత్రాలు, అగ్రిమెంట్లు, వంశవృక్షం కోసం పెట్టుకునే అర్జీలు, అన్నీ అక్కడే. పక్కనున్న వైట్‌ఫీల్డులో కంప్యూటర్ కంపెనీలు వస్తాయని పుకారు పుట్టిన దగ్గర్నుంచి బ్రోకర్లు పగలంతా మా అంగడి ముందే మోటర్‌సైకిళ్ళు ఆపుకుని నిలబడేవాళ్ళు. ఎక్కడ ముసలివాళ్ళు ఒంటరిగా ఉన్నారో, ఎవరికి పిల్లల్లేరో వాళ్ళకు కంఠతా వచ్చు.

ఆ రోజుల్లోనే వచ్చాడు ఆ తెల్లాయన. ఎనభైకి దగ్గర పడి ఉంటాడు. పొడుగు మనిషి, ఖాకీ నిక్కరు, బాటా చెప్పులు, చంకలో గుడ్డ సంచి.

"ఏమ్మా, ఇంగ్లీషు టైపు ఉండాదా ఈడ?" అన్నాడు.

తెల్లవాడి నోట 'ఉండాదా' వినేసరికి నోరెళ్ళబెట్టాను. వెంటనే అనుమానం. ఇంత బాగా మన మాట నేర్చుకోవలసిన అవసరం ఈయనకేం వచ్చింది? తర్వాత తెలిసింది, బెంగళూరులో మిషన్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు ఫిట్టరుగా చేశాడట. పక్కన పనిచేసిన వాళ్ళంతా మన అనంతపురం, హిందూపురం వాళ్ళే. రిటైరయ్యాక వైట్‌ఫీల్డులో పెంకుటిల్లు, చుట్టూ మామిడి చెట్లున్న దొడ్డి కొనుక్కుని ఒక్కడే ఉంటున్నాడు. ఒక్కడే, దొడ్డి, వైట్‌ఫీల్డు. ఈ మూడు మాటలు కలిపి వింటే మా బ్రోకర్లకు నోరూరుతుందని నాకు తెలుసు.

మూడు నెలలకో ఉత్తరం టైపు చేయించేవాడు. ఎప్పుడూ అదే ఉత్తరం. రెండో ప్రపంచ యుద్ధంలో తప్పిపోయినవాళ్ళను వెతికే విదేశీ ఆఫీసులకు. నా కూతురు, పేరు ఇది, పుట్టిన ఏడాది ఇది, పోలండ్ దేశంలో మా ఊరు ఇది, తెలిసినవాళ్ళు ఉంటే ఈ అడ్రసుకు రాయండి. చేయి వణికేది, సంతకం పెట్టేటప్పుడు గీత కిందకు జారిపోయేది. అందుకని నేనే స్కేలు అడ్డం పెట్టి, ఆయన వేలు పట్టుకుని చోటు చూపించేదాన్ని.

మొదట్లో ఈయన హిట్లరు దగ్గర పనిచేసి, జర్మనీ నుంచి పారిపోయి వచ్చి దాక్కున్నవాడేమో అనుకున్నాను. కడుపులో దాచుకోలేక ఒకనాడు అడిగేశాను కూడా. పగలబడి నవ్వి, స్టూలు మీద కూర్చుని తన కథ చెప్పాడు. యుద్ధం మొదలైన కొత్తలో రష్యా వాళ్ళు వచ్చి భార్యనూ రెండేళ్ళ బిడ్డనూ తననూ రైలెక్కించి మంచు దేశానికి తోలారట. రెండేళ్ళ తర్వాత మగవాళ్ళను వదిలిపెట్టి, బ్రిటిష్ వాళ్ళతో కలిసి పోరాడే పోలండ్ సైన్యంలో చేరమన్నారట. ఈయన చేరాడు. భార్య టైఫస్ జ్వరంతో పోయింది. బిడ్డను అనాథ పిల్లలతో కలిపి ఇరాన్ మీదుగా ఇండియాకు పంపారని, కొల్హాపూర్ దగ్గర వాళ్ళకోసం పెద్ద క్యాంపు పెట్టారని కబురందింది. ఈయనేమో ఇటలీలో యుద్ధం చేస్తున్నాడు.

"యుద్ధం అయిపోయినాక మా ఊరికి పోలేము కదమ్మా. అందుకని ఇంగ్లండులో సోల్జర్లకు క్యాంపులు పెట్టి, పని నేర్పించి, ఈడనే ఉండండి అన్నారు. ఇండియా క్యాంపులో ఉండే భార్యలను, పిల్లలను ఓడల్లో తెచ్చి ఇచ్చినారు. నేను కూడా ఓడ కాడికి పోయినా. అందరి పిల్లలు దిగినారు. నా బిడ్డ దిగలేదు."

అనాథల జాబితాలో పడ్డ పిల్ల కాబట్టి ఏ దేశానికి పంపారో ఎవరూ చెప్పలేకపోయారట. తనే వెతుక్కుంటూ ఇండియా వచ్చాడు. వచ్చేసరికి క్యాంపు ఎత్తేశారు. ఖాళీ షెడ్లు చూసి, తిరిగి పోవడానికి ఊరు లేక, ఇక్కడే పనిలో కుదురుకున్నాడు.

నేను తలూపాను గానీ నమ్మలేదు. కాకమ్మ కథ అనుకున్నాను. బిడ్డ కోసం ఇంత దూరం వచ్చినవాడు మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా, ఎక్కడికీ పోకుండా, యాభై ఏళ్ళుగా అదే ఉత్తరం రాస్తాడా? మా అమ్మతో అంటే, "నీ మొగం. నువ్వు నన్నుగూడా నమ్మవు" అని కసిరింది.

తర్వాత ఆయన కళ్ళకు నీటికాసులు, అదే గ్లాకోమా, వచ్చాయి. డాక్టరు ఆపరేషన్ చేసినా లాభం లేదన్నాడు. ఉన్న చూపు ఆరేడు నెలలు నిలబడితే గొప్ప, తర్వాత చీకటే అన్నాడట. ఆ మాట నాకు చెప్పి, "మొగాలు ఇంకా కనబడతాయమ్మా, వెలుతురు ఉంటే. అక్షరాలే పోయినాయి" అన్నాడు. నాకు నిజంగా జాలేసింది. అప్పటినుంచి వచ్చిన ఉత్తరాలు కూడా నేనే చదివి పెట్టేదాన్ని.

ఆ నెలలోనే వచ్చింది ఉత్తరం. పోలండ్ స్టాంపులు. రాసినావిడకు ఇంగ్లీషు రాదు, ఆయన ఉత్తరాలు ఇంగ్లీషులో ఉన్నాయని పక్కింటి టీచరు చేత అదే భాషలో రాయించింది. నేను మీ కూతుర్ని, నాకు అరవై ఏళ్ళు, క్యాంపు నుంచి నన్ను మా మేనత్త పోలండుకు తెప్పించుకుంది, మీరు యుద్ధంలో చనిపోయారని చెప్పారు, ఇప్పుడు ఆ ఆఫీసు వాళ్ళు మీ అడ్రసు ఇచ్చారు అని. ఎవరో తనను భుజాల మీద కూర్చోబెట్టుకుని మంచులో నడిచినట్టు గుర్తుందని రాసింది. చివర మూడు ప్రశ్నలు. ఒంటరిగా ఉంటున్నారా? ఇల్లు మీ సొంతమేనా? మీకు ఇంకెవరైనా పిల్లలున్నారా?

ఆయన ఏడ్చాడు. అంగడి అని చూడకుండా, ఎదురుగా క్రయపత్రం కోసం కూర్చున్నవాళ్ళు చూస్తున్నా, రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మా నాన్న సైటు కాజేయడానికి వచ్చినవాడు కూడా మొట్టమొదట అడిగింది ఇట్లాంటి ప్రశ్నలే. ఆ ఆఫీసు చీటీ జత చేసి ఉంది, దాని మీద ముద్ర ఉంది. ముద్రలంటే నాకున్న గౌరవం ముందే చెప్పాను. అన్నిటికంటే పెద్ద దొంగతనం ఇంకొకటి దొరికింది. ఆయన పదేపదే పోలండ్ అని రాయించిన ఊరిని, ఈవిడ ఉక్రెయిన్ దేశంలో ఉందని రాసింది. పుట్టిన ఊరు ఏ దేశంలో ఉందో తెలియని కూతురు! పప్పులో కాలేసింది అనుకున్నాను.

"తాతా, తొందరపడొద్దు. ఎవరో ఏమో" అన్నాను.

"ఎవరో ఏమిటికమ్మా? నా బిడ్డే. రాసుకో" అని చెప్పడం మొదలుపెట్టాడు. నేను నీ నాయనను. భుజాల మీద మోసింది నేనే. ఒక్కడినే ఉన్నాను. నా చూపు పోతోంది, తొందరగా రా, నీ మొహం చూడాలి.

మిషన్లో కాగితం ఎక్కించాను. నా వేళ్ళు టైపు చేసింది వేరే ఉత్తరం. మీరు నా కూతురనడానికి రుజువులు కావాలి. మీ జనన పత్రం, ఆ ఊరి అధికారి సంతకం చేసిన వంశవృక్షం, తాత అవ్వల పేర్లతో సహా పంపండి. అవి అందేదాకా ప్రయాణం పెట్టుకోకండి. చూపు పోతోందన్న వాక్యం అసలు టైపు చేయలేదు. తొందర చూపించినవాణ్ణి ఎవడైనా దోచుకుంటాడని నా లెక్క. టైపు అయ్యాక, ఆయన చెప్పిన ఉత్తరాన్నే కంఠతా చదివి వినిపించాను. ఎక్కడా తడబడలేదు. ఆయన నవ్వుతూ చెయ్యి చాచాడు, నేను వేలు పట్టుకుని చోటు చూపించాను, సంతకం పెట్టాడు.

దుర్మార్గం అనుకోలేదప్పుడు. ముసలాయన ఇల్లు కాపాడుతున్నానని గర్వపడ్డాను. కార్బన్ కాపీ ఫైల్లో పెట్టుకున్నాను కూడా, రేపు కోర్టుకు కావాలంటే ఉంటుందని.

నెల పోయింది, రెండు నెలలు పోయాయి. జవాబు లేదు. వారానికి రెండుసార్లు బస్సు దిగి వచ్చేవాడు.

"ఏమన్నా వచ్చినాదా?"

"లేదు తాతా."

"రా అని రాసినాం కదా?"

"రాసినాం తాతా."

చూశారా, దొంగ కాబట్టే నోరు మూసుకుంది అని లోలోపల సంతోషించాను. ఆయన మాత్రం నా మొహంలోకి వంగి చూసేవాడు. "నీ బొట్టు కనపడతా ఉండాదమ్మా ఇంకా" అనేవాడు. ఇంకొన్ని రోజులకు, "ఈపొద్దు బొట్టు పెట్టుకోలేదా?" అన్నాడు. పెట్టుకునే ఉన్నాను.

అయిదో నెలలో అనుకుంటా, మా అమ్మ పెట్టె సర్దుతుంటే పక్కన కూర్చుని ఈ సంగతంతా చెప్పాను. దొంగను ఎట్లా పట్టానో గొప్పగా చెప్పాను. తండ్రి ఒక దేశం అంటాడు, కూతురు ఇంకో దేశం అంటుంది, ఊరికేమైనా కాళ్ళొచ్చాయా అని నవ్వాను. అమ్మ నవ్వలేదు. పెట్టె అడుగున ఉన్న తన స్కూలు సర్టిఫికెట్ తీసి నా ఒళ్ళో పడేసింది.

"చదువు. నేను ఏ జిల్లాలో పుట్టినానని ఉండాది?"

బళ్ళారి జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ అని ఉంది.

"ఇప్పుడు మీ మామ ఉండే ఊరు యా జిల్లా?"

రాయదుర్గం దగ్గర. అనంతపురం జిల్లా, ఆంధ్ర.

"మా ఊరికి కాళ్ళొచ్చినాయేమే? నేను పుట్టిన ఇల్లు ఆడనే ఉండాది. బళ్ళారి మైసూరుకు పోయె, మేము ఆంధ్రకు పడితిమి. ఎవురూ కదల్లేదు. ఇంతమంది దస్తావేజులు రాస్తావు, ఈ మాత్రం తెలీదా నీకు?"

తల తీసేసినట్టయింది. ఈ కథ నేను పుట్టినప్పటినుంచి విన్నదే. అమ్మ పింఛను అర్జీలో పుట్టిన జిల్లా తప్పని తిప్పి పంపితే, ఆ ఆఫీసరుతో నోరు పెట్టుకుని దెబ్బలాడి వచ్చింది కూడా నేనే. అదే సంగతి ఇంకొకరి ఊరికి జరిగి ఉంటుందని నా బుర్రకు తట్టలేదు.

మర్నాడు ఆయన రాగానే మామూలుగా అడిగినట్టు అడిగాను. "తాతా, మీ ఊరు ఇప్పుడు ఏ దేశంలో ఉంది?"

"ఉక్రెయిన్ అంటారమ్మా ఇప్పుడు. యుద్ధం అయినాక గీత జరిపినారు. ఊరు ఆడనే ఉండాది" అన్నాడు. "అందుకే కదా మేము తిరిగి పోలేకపోయింది. నేను చెప్పలేదా నీకు?"

చెప్పాడు. పోలేము కదమ్మా అన్నాడు. ఎందుకు పోలేరు అని నేను అడగలేదు, అంతే. కాళ్ళ మీద పడి ఒప్పేసుకోవలసింది. ఒప్పుకోలేదు. ఆయన పోయాక, ఆయన పేరుతోనే రెండో ఉత్తరం టైపు చేశాను. కాగితాలు వద్దు, చూపు పోతోంది, వెంటనే రా. స్పీడు పోస్టులో వేశాను. మూడు వారాలకు టీచరు జవాబు వచ్చింది. మీ అమ్మాయి మీరడిగిన కాగితాల కోసం ఆ ఊరికి వెళ్ళింది, బయలుదేరడానికే చాలా రోజులు పట్టింది, అక్కడ పుట్టినవాళ్ళ లెక్కలుండే చర్చి కాలిపోయిందట, ఏవేవో ఆఫీసులు తిరుగుతోంది, రాగానే చెబుతాను అని. ఆ ఉత్తరం ఆయనకు చదివి వినిపించే ధైర్యం లేకపోయింది. కూతురు త్వరలో వస్తోందట అని మాత్రం చెప్పాను. ఇంకో అబద్ధం.

నా మొదటి ఉత్తరానికీ ఆమె వచ్చిన రోజుకూ మధ్య ఎనిమిది నెలలు. ఆరో నెల చివరకే ఆయన చూపు పూర్తిగా పోయింది.

ఆ రోజు నన్ను కూడా ఇంటికి రమ్మన్నాడు. "నీ ఉత్తరాల వల్లనే కదమ్మా దొరికింది" అని.  పోయేసరికి వరండాలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. ఆమె పొడుగు మనిషి, అచ్చం ఆయన ముక్కే. రుజువు ఆ ముక్కు మీదే ఉంది. ఆయన రెండు చేతులతో ఆమె మొహాన్ని తడుముతున్నాడు. నుదురు, కనుబొమలు, చెంపలు, మళ్ళీ నుదురు. కళ్ళు మాత్రం ఆమె మొహం మీద లేవు, ఎక్కడో మామిడి చెట్టు వైపు తిరిగి ఉన్నాయి. నాకు ఏడుపు ఆగలేదు. వాళ్ళు సంతోషంతో ఏడుస్తున్నాననుకున్నారు.

కాసేపటికి ఆమె సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. ముద్రలు కొట్టిన కాగితాలు ఒక్కొక్కటే ఆయన ఒళ్ళో పెట్టింది. తాత పేరు, అవ్వ పేరు, అన్నీ తెచ్చింది. చివర ఒక మడత పెట్టిన కాగితం. విప్పగానే గుర్తుపట్టాను. ప్రతి వరసలోనూ 'E' పైకెగిరి ఉంది. టీచరు చెప్పిన అర్థం మధ్య మధ్యలో పెన్సిలుతో రాసుకుంది, దాన్ని వాళ్ళ భాషలో ఆయనకు చదివి వినిపించింది. గొంతులో కోపం లేదు. అడిగినవన్నీ తెచ్చాను చూడు నాన్నా అన్నట్టు, బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు చదివింది.

ఆయన చివరిదాకా విన్నాడు. మెల్లగా తల తిప్పి, నేను నిలబడ్డ వైపు పెట్టాడు.  తర్వాత కూతురి చెయ్యి పట్టుకుని వాళ్ళ భాషలో నాలుగు మాటలు చెప్పాడు. ఆమె తలొంచుకుని, ఆయన చేతిని నిమిరింది.

ఆమె కాఫీ కలపడానికి లోపలికి పోయాక ఆయన పక్కన కూలబడ్డాను. "తాతా, నన్ను తిట్టు. చెప్పుతో కొట్టు. ఏం చెప్పావు ఆమెకు?"

"నేనే రాయించినా అని చెప్పినా."

"ఎందుకు? నిజం చెప్పేయ్ తాతా. నేనే చెబుతాను."

"వద్దు" అన్నాడు గట్టిగా. "నాయన అనుమానపడినాడు అంటే దానికి అర్థమవుతాది. మా వాళ్ళు అందరూ అట్లనే, కాగితం కాగితానికి దెబ్బలు తిన్నోళ్ళం. ఎవరో తెలీని మనిషి వల్ల నాయన కండ్లు పోయేలోపల రాలేకపోయినా అని తెలిస్తే, అది బతికినన్నాళ్ళు ఏడుస్తాది. నువ్వు నోరు మూసుకో."

అంతకుముందెప్పుడూ నాతో ఆయన అట్లా మాట్లాడలేదు. నోరు మూసుకున్నాను. ఆమె ఫిల్టరు కాఫీ అలవాటు లేక పాలు పొంగించి, ఒకటే కంగారుపడుతూ గ్లాసులు తెచ్చింది. నాకు కూడా ఇచ్చి, నా చెయ్యి పట్టుకుని, నేర్చుకుని వచ్చిన ఇంగ్లీషులో థాంక్యూ అంది.

నెలరోజులుండి వెళ్ళిపోయింది. అక్కడ ఆమెకు మనవళ్ళున్నారు, ఈయనకు అంత దూరం ప్రయాణం చేసే శక్తి లేదు. ఏడాదికోసారి వస్తానంది, వచ్చింది కూడా.

ఆమె వెళ్ళిన వారానికి ఆయన కర్ర తట్టుకుంటూ అంగడికి వచ్చాడు. నేను ఊహించలేదు. ఎప్పటిలాగే స్టూలు మీద కూర్చుని, "రాసుకోమ్మా" అన్నాడు. చెప్పిన ప్రతి మాటా టైపు చేశాను, కామా కూడా వదల్లేదు. చదివి వినిపించాను. స్కేలు అడ్డం పెట్టి, ఆయన వేలు పట్టుకోబోయాను.

వేలు వెనక్కు తీసుకున్నాడు. "కాగితం ఇట్ల ఇయ్యమ్మా" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే.

కాగితం పట్టుకుని, కర్రతో దారి చూసుకుంటూ, ఎదురుగా ఉన్న మందుల షాపుకు రోడ్డు దాటి పోయాడు. ఆ షాపతను ఉత్తరం అందుకుని పైకి చదవడం నా సీట్లోంచి కనబడుతోంది. ఈయన తల ఒక పక్కకు వంచి, ప్రతి వరసకూ ఆగి వింటున్నాడు. అంతా అయ్యాక తలూపాడు. షాపతను వేలు పట్టుకుని చోటు చూపిస్తే సంతకం పెట్టాడు. తిరిగి వచ్చి కవరు మీద అడ్రసు టైపు చేయమని ఇచ్చాడు.

"సరిగ్గానే ఉండాదమ్మా" అన్నాడు.

అడ్రసు టైపు చేసి కవరు చేతికిచ్చాను.  ఆ తర్వాత ఆయన ఇంకో నాలుగేళ్ళు బతికాడు. ఉత్తరాలన్నీ నా దగ్గరే టైపు చేయించాడు, వేరే అంగడికి ఒక్కసారీ పోలేదు. కానీ ప్రతి ఉత్తరమూ సంతకానికి ముందు ఆ రోడ్డు దాటింది.